రఘునాథుడి మెట్లు, మనవడి గిటారు

పోయిన ఆదివారం మన సంఘం మీటింగులో పిల్లల సంగీతం క్లాసులో గిటారు కూడా పెడదామంటే, ఒక పెద్దాయన "తంజావూరులో ఉండి వీణ వదిలి పరాయి వాయిద్యం పట్టుకోవాలా?" అన్నారు. ఆయనంటే నాకు గౌరవం. అక్కడ వాదించలేక ఇక్కడ రాస్తున్నాను.

మా మనవడు గిటారు పట్టి మూడు వారాలైంది. వేళ్లు మండుతున్నాయని ఒకటే గోల. ఉక్కు తీగలు, లేత వేళ్లు. చర్మం గట్టిపడేదాకా ఎవరికైనా అంతే, మా అవ్వకు వీణ మీదా అంతేనట. వాడి వేళ్ల కింద ఉన్న మెట్లు చూస్తే నాకు రఘునాథ నాయకుడు గుర్తొచ్చాడు.

1600 నుంచి 1634 దాకా ఈ ఊరు ఏలిన మన తెలుగు రాజు, కవి. అంతకుముందు కొన్ని వీణల మీద రాగం మారితే మెట్లు జరుపుకోవాల్సి వచ్చేది. స్థాయికి 12 చొప్పున, రెండు స్థాయిలకు 24 మెట్లు కదలకుండా మైనంతో బిగించిన వీణ ఆయన కొలువులో స్థిరపడిందని సంగీత చరిత్రకారులు చెబుతారు. ఆయన మంత్రి గోవింద దీక్షితుల కొడుకు వేంకటమఖి, తర్వాత విజయరాఘవ నాయకుని కాలంలో, 12 స్వరస్థానాల మీదే 72 మేళాల లెక్క కట్టాడు.

గిటారులోనూ స్థాయికి 12 మెట్లే! ఏదో ఒక్క తీగ తీసుకోండి. వేలు పెట్టకుండా మీటితే స. ఒకటో మెట్టు రి, నాలుగు గ, అయిదు మ, ఏడు ప, ఎనిమిది ద, పదకొండు ని, పన్నెండు పైస్థాయి స. అదే మాయామాళవగౌళ, పురందరదాసు వేసిన దారి అని మనం చెప్పుకునే సరళీ వరసల రాగం. మొదటి రోజే వాయించుకోవచ్చు. గమకం మాత్రం కష్టం. వీణ మెట్లు ఎత్తుగా ఉంటాయి కాబట్టి తీగ లాగడానికి చోటుంటుంది, మామూలు గిటారులో అంత ఉండదు. ఆ లోటు ఒప్పుకుంటాను.

ఇక పరాయిదంటారా, ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి మద్రాసులో తెల్లవాడి దగ్గర ఫిడేలు నేర్చుకున్నాడు. ఇవాళ ఫిడేలు లేని కచేరీ ఉందా?

"నేర్పే మాస్టరు ఎక్కడ?" అని ఇంకొకరు అడిగారు. 1969లో పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్‌కు గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు. ఆయనకు మాండొలిన్ రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు విని వాయించేవాడు. మన క్లాసులో పాడే టీచరమ్మ ఉన్నారు కదా.

అసలు నా భయం వేరే. ఒకప్పుడు ఆ క్లాసుకు పద్దెనిమిది మంది వచ్చేవాళ్లు, ఇప్పుడు అయిదుగురు. మన పిల్లలకు ఇంట్లోనే తెలుగు అంతంతమాత్రం, బడిలో అసలే లేదు. త్యాగయ్య కీర్తన నేర్చుకునేటప్పుడే కాస్త నోరు తిరుగుతుంది. గిటారు ఆశ చూపితే మరో పదిమంది వచ్చి కూర్చుంటారేమో!

నిన్న వాణ్ణి అవ్వ వీణ దగ్గర కూర్చోబెట్టి మెట్లు లెక్కపెట్టమన్నాను. ఇరవై నాలుగూ లెక్కపెట్టి, "తాతా, రెండు ఊగుతున్నాయి" అన్నాడు. మైనం వదులైంది. వీణ బాగుచేసే ఆసారి నంబరు ఎవరి దగ్గరైనా ఉంటే నాకు విడిగా పంపండి.