చర్ల ఒడ్డున మూడు రంగులు

భారత జాతీయ పతాకంలో రంగుల కంటే ఎక్కువగా మారినవి వాటికి చెప్పిన అర్థాలు. బందరు దగ్గరి భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య 1916లోనే ముప్పై దాకా నమూనాలతో పుస్తకం అచ్చేశారు. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాలప్పుడు ఆయన గాంధీజీకి చూపిన జెండాలో రంగులు రెండే: హిందువులకు ఎరుపు, ముస్లింలకు ఆకుపచ్చ. తక్కిన వర్గాల కోసం తెలుపు చేర్చమన్నది గాంధీజీ. జెండాపై రాట్నం ఉండాలన్నది జలంధర్‌కు చెందిన లాలా హంసరాజ్ ఆలోచన.

రంగుకో మతమన్నాక పేచీలు రాకుండా ఉంటాయా? సిక్కులు తమ రంగు అడిగారు. 1931లో కాంగ్రెస్ వేసిన ఏడుగురి కమిటీ (అందులో బందరు డాక్టరు పట్టాభి సీతారామయ్య ఒకరు) జెండా మొత్తం కాషాయం చేద్దామంది. అదీ సాగలేదు. చివరికి ఎరుపు పోయి కాషాయం పైకెక్కింది, పైనున్న తెలుపు నడిమికి దిగింది. ఈ రంగులకు మతాలతో పనిలేదని తీర్మానంలోనే రాసేశారు.

1947 జూలై 22న రాజ్యాంగసభ ఆమోదించిన జెండాలో రాట్నం బదులు 24 ఆకుల అశోకచక్రం ఉంది. రాట్నానికి ఓ పక్క చక్రం, ఇంకో పక్క కదురు. గుడ్డను వెనక నుంచి చూస్తే రెండూ తారుమారవుతాయి. ఒంటి చక్రానికి ఆ చిక్కు లేదు. ఆకుపచ్చంటే నేలతో, పైరుపచ్చతో మనకున్న బంధమని సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆ సభలోనే వివరించారు.

జెండాలో కథ చదవడం గోదావరి ఒడ్డున చర్ల వైపు అడవులకు కొత్త కాదు. కోయల పడిగె అంటే వేల్పుల బొమ్మలు కుట్టిన ముక్కోణపు గుడ్డ. జాతరకు దాన్ని బయటికి తీసి తమ గట్టు (గోత్రం) కథ పాడతారు.

మూడు రంగుల జెండాకు ఇక్కడ గోదావరే సరిహద్దయింది. చర్ల, నూగూరు, ఆల్బాక ప్రాంతాలు 1909లో మధ్య పరగణాల నుంచి మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చాయి. అవతలి ఒడ్డు నిజాంది. 1947 ఆగస్టు 15 నుంచి ఈ ఒడ్డున త్రివర్ణం సర్కారు జెండా. ఆ ఒడ్డున సర్కారు జెండా పసుపుపచ్చది, నడుమ గుండ్రటి కుల్చా రొట్టె. త్రివర్ణం ఎత్తితే జైలే. జెండా ఎత్తమని పిలుపునిచ్చిన హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ నేత స్వామి రామానందతీర్థను ఆ రోజే అరెస్టు చేశారు. 1948 సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయాక రెండు ఒడ్లకూ ఒకే జెండా వచ్చింది. ఒకే జిల్లా, ఖమ్మం, కావడానికి మాత్రం 1959 దాకా పట్టింది.