గార్లలో ఓ ఓమ్నీకి ఇంజెక్షన్

తల కొంచెం వంచి షెడ్డులోకి రండి. ఎదురుగా తెల్ల మారుతి ఓమ్నీ. ముందు సీటు వెనక్కి లేపి తాడుతో కట్టేశారు. ఈ బండి ఇంజన్ చూడాలంటే సీటు లేపాల్సిందే. మూడు సిలిండర్లు, 796 సీసీ, సరిగ్గా మనం కూర్చునే చోటు కింద. నెంబరు ప్లేటు మీద ఏపీ 20, అంటే ఖమ్మం రిజిస్ట్రేషన్. బండి కొన్ననాడు గార్ల ఖమ్మం జిల్లాలో ఉండేది. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు మహబూబాబాద్‌లో కలిసింది. ఊళ్ళోవాళ్ళకు మాత్రం మహబూబాబాద్ అంటే మానుకోటే.

మేస్త్రీ చేతిలో పన్నెండో నెంబరు స్పానర్. కార్బొరేటర్‌ను పట్టి ఉంచిన చివరి నట్టు తిప్పుతున్నాడు. పక్కన స్టూలు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని ఆయన మేనల్లుడు. ఖమ్మంలో ఇంజనీరింగ్ చదివి వచ్చిన పిల్లాడు. బండి యజమాని మిర్చి రైతు, గుమ్మం దగ్గర నిలబడి చేతులు కట్టుకుని చూస్తున్నాడు.

"ఇదుగో చూడు," అంటూ మేస్త్రీ కార్బొరేటర్‌ను దీపం కిందికి తెచ్చాడు. ఫ్లోటు గదిలో అడుగున తెల్లటి పొడి. పెట్రోలు పైపు వేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోయింది. పాత రబ్బరు ఉబ్బి, పైన సన్నగా పగుళ్ళు వచ్చాయి. పొద్దున్నే చోక్ లాగితే గానీ బండి అందుకోదు. అందుకున్నా గేరు వేయగానే ఆగిపోతుంది. లోడుతో వెళ్తుంటే మిస్సింగ్ కొడుతుంది. మేస్త్రీ జెట్లు కడిగాడు, ఫ్లోటు సరిచేశాడు, స్క్రూ తిప్పి తిప్పి చెవితో సెట్ చేశాడు. కొన్నాళ్ళకు మళ్ళీ అదే కథ.

కారణం కొంత వయసు, కొంత పెట్రోలు. ఈ బండి తయారైన రోజుల్లో బంకులో దొరికింది ఉత్త పెట్రోలు. 2022 నాటికి దేశంలో పది శాతం ఇథనాల్ కలిసింది, ఇప్పుడు ఇరవై శాతం. ఉత్త పెట్రోలు ఒక కిలో పూర్తిగా కాలడానికి 14.7 కిలోల గాలి చాలు. ఇరవై శాతం ఇథనాల్ కలిసిన దానికి అది సుమారు 13.5కు దిగుతుంది. అంటే అదే గాలికి ఇంధనం ఎనిమిది తొమ్మిది శాతం ఎక్కువ పోయాలి. కార్బొరేటర్ జెట్టు కుంచం లాంటిది, ఏ గింజ పోసినా దాని కొలత మారదు. కాబట్టి ఇంజన్‌కు మిశ్రమం పలచబడుతుంది. పలచబడ్డ మిశ్రమంతో లోడు లాగితే వేడెక్కుతుంది, పికప్ పోతుంది. ఇంజెక్షన్ బండి అయితే సైలెన్సర్ పైపులోని ఆక్సిజన్ సెన్సార్ పొగను చూసి, చాలలేదని చెప్పి, ఇంధనం పెంచుకుంటుంది.

అందుకే కార్బొరేటర్ తీసి ఇంజెక్షన్ పెట్టే ఈ మార్పు. ఇది ఈ షెడ్డులో పుట్టిన ఆలోచన కాదు. 1999లో సుప్రీంకోర్టు ఢిల్లీ ప్రాంతంలో యూరో ప్రమాణాలు పెట్టాలని ఆదేశించాక, మన కార్ల కంపెనీలు వరసగా కార్బొరేటర్ మానేసి ఎంపీఎఫ్ఐకి, అంటే ఒక్కో సిలిండర్‌కు ఒక్కో ఇంజెక్టర్ ఉండే పద్ధతికి మారాయి. మారుతి 800 మారింది, జిప్సీ మారింది, తర్వాత ఓమ్నీ కూడా ఇంజెక్షన్‌తోనే వచ్చింది. కంపెనీ తన ఫ్యాక్టరీలో చేసిన పనిని మేస్త్రీ ఇక్కడ ఒక బండికి చేస్తున్నాడు.

గోనెసంచి మీద పరిచిన సామాను చూడండి. విజయవాడ ఆటోనగర్‌లో పాత బండ్ల నుంచి ఏరి, రైల్లో తెచ్చుకున్నవి. మూడు ఇంజెక్టర్లు బిగించిన మ్యానిఫోల్డ్, థ్రాటిల్ బాడీ, ట్యాంకులో మునిగి ఉండే కరెంటు పంపు, నాలుగైదు సెన్సార్లు. పిల్లాడు మల్టీమీటర్ పిన్నులు ఇంజెక్టర్‌కు ఆనించాడు. పద్నాలుగు ఓములు. పన్నెండు పదహారు మధ్య ఉంటే కాయిల్ బాగున్నట్టు. తర్వాత మూడింటినీ మూడు గాజు సీసాల్లోకి ఒకే సమయం పిచికారీ చేయించారు. రెండిట్లో సమానంగా పడింది, మూడోదాంట్లో తక్కువ. మేస్త్రీ మాట్లాడకుండా దాన్ని పక్కన పెట్టి, సంచిలోంచి ఇంకోటి తీశాడు.

ఇప్పుడు పని అసలు చోటికి వచ్చింది. కార్బొరేటర్‌కు పెట్రోలు తోసే పాత మెకానికల్ పంపు ప్రెషర్ పావు కేజీ దగ్గర ఉంటుంది. ఇంజెక్టర్లకు కావలసింది మూడు కేజీలు, పదింతలు దాటిన ఒత్తిడి. ఉబ్బిపోయిన ఆ పాత పైపుకు మూడు కేజీలు పెడితే ఎక్కడో ఒకచోట చీలుతుంది. చీలితే పెట్రోలు కారదు, సన్నటి తుంపరగా చిమ్ముతుంది. ఆ చిమ్మేది వేడి ఇంజన్ మీద, మనుషులు కూర్చున్న సీటు కింద. మేస్త్రీ ట్యాంకు నుంచి ఇంజన్ దాకా అంగుళం పాత పైపు కూడా ఉంచలేదు. ఇథనాల్‌ను, ఒత్తిడిని తట్టుకునే ఇంజెక్షన్ పైపు వేశాడు. దాని ఒంటి మీద 30ఆర్9 అని అచ్చు ఉంటుంది. రబ్బరును కోసే మామూలు క్లిప్పులు తీసేసి, అంచు మడిచిన క్లాంపులు బిగించాడు. మిగులు పెట్రోలు వెనక్కి ట్యాంకులోకి పోయేలా తిరుగు పైపు లాగాడు. ప్రెషర్ గేజ్ తగిలించి, పంపు ఆడించి, బ్యాటరీ దీపం పట్టుకుని ఒక్కో జాయింటును పొడి గుడ్డతో తుడిచి చూశాడు. గుడ్డ తడవలేదు. పంపు ఆపినా గేజ్ ముల్లు నిలబడే ఉంది.

"మామా, వైరింగ్ మొదలుపెట్టనా?"

"ఆగు. ముందు ఎర్త్ చూడు. పెయింట్ గీకి, ఇంజన్ బ్లాకుకే ఇయ్యి. బాడీకి ఇచ్చి వదిలెయ్యకు."

సెన్సార్లు మాట్లాడేది వోల్టుల్లో. థ్రాటిల్ మూసి ఉంటే సుమారు అర వోల్టు, పూర్తిగా తెరిస్తే నాలుగున్నర. ఎర్త్ సరిగా లేకపోతే ఆ లెక్కలన్నీ తప్పుతాయి. అప్పుడు మంచి సెన్సార్‌ను మార్చుకుంటూ కూర్చోవాలి. క్రాంక్ పుల్లీకి ముప్పై ఆరు పళ్ళ స్థానాలున్న చక్రం బిగించారు, అందులో ఒక పన్ను కావాలనే లేదు. ఆ ఖాళీ తగిలినప్పుడల్లా ఇంజన్ ఎక్కడుందో ఈసీయూకు, అంటే ఇంజెక్షన్‌ను నడిపే కంప్యూటర్‌కు తెలుస్తుంది. స్పార్క్ మాత్రం ప్రస్తుతానికి పాత డిస్ట్రిబ్యూటర్‌కే వదిలారు. రెండు మార్పులు ఒకేసారి చేస్తే, తేడా వచ్చినప్పుడు దేనివల్లో తేలదు. సైలెన్సర్ పైపుకు వెల్డింగ్ షాపులో నట్టు అతికించి తెచ్చి, ఆక్సిజన్ సెన్సార్ బిగించారు.

ఇక్కడ ఈసీయూ అంటే అరచేతిలో పట్టే బోర్డు. పేరు స్పీడ్యూయినో. దాని డిజైన్ ఎవరైనా చూడవచ్చు, ఎవరైనా చేసుకోవచ్చు. ఈ దారిలో ముందు నడిచింది మెగాస్క్విర్ట్. అమెరికాలో బ్రూస్ బౌలింగ్, అల్ గ్రిప్పో 2001లో దాన్ని తెచ్చారు. సొంతంగా బండి మార్చుకునేవాళ్ళు లోపలేముందో తెలుసుకుని చేసుకునే వీలు అలా మొదలైంది.

తాళం తిప్పారు. ట్యాంకులోని పంపు నుంచి సన్నటి హోరు, రెండు సెకన్లు, ఆగిపోయింది. భయపడకండి, చెడిపోలేదు. ఇంజన్ తిరగకపోతే పంపు ఆగాలి. ప్రమాదంలో పైపు తెగినా పెట్రోలు పారకుండా ఉండే ఏర్పాటు అది. తెర మీద మ్యానిఫోల్డ్ ప్రెషర్ 98 కిలోపాస్కల్స్ అని ఉంది. ఇంజన్ ఆగి ఉంది కాబట్టి అది గార్ల గాలి ఒత్తిడి. సెన్సార్ నిజం చెబుతోందని అదే రుజువు.

"సెల్ఫ్ కొట్టు."

తిరిగింది. అందుకుంది. చోక్ లేకుండా, తొలిసారికే. రైతు ఒక అడుగు లోపలికి వేశాడు. కానీ ఐడ్లింగ్ నిలవడం లేదు. నిమిషానికి పదిహేను వందల చుట్లకు ఎగిరి ఏడు వందలకు పడి, మళ్ళీ ఎగురుతోంది. పిల్లాడు తెర మీద ఒక అంకె పెంచాడు, ఇంకోటి తగ్గించాడు. ఎగరడం ఆగలేదు. మేస్త్రీ సీటు మీదికి వంగి కళ్ళు మూసుకున్నాడు. మీరూ చెవి పెట్టండి. ఇంజన్ చప్పుడు కింద, సన్నగా, సుయ్‌మని ఇంకో చప్పుడు.

"అంకెలు ముట్టుకోకురా. గాలి పీకుతుంది."

సబ్బు నీళ్ళు తెచ్చి మ్యానిఫోల్డ్ జాయింటు పొడుగునా కొద్దికొద్దిగా పోశాడు. మూడో సిలిండర్ దగ్గర పోయగానే నీళ్ళు లోపలికి పోయాయి, ఇంజన్ గొంతు మారింది. ఆపి, మ్యానిఫోల్డ్ ఊడదీసి, గాస్కెట్ మార్చి, బోల్టులు మధ్య నుంచి అంచులకు వరసగా బిగించాడు. ఈసారి సెల్ఫ్ కొడితే ఐడ్లింగ్ తొమ్మిది వందల దగ్గర కుదురుకుంది. తెర మీద ప్రెషర్ 38కి దిగి నిలబడింది.

ఈ పని మొత్తంలో గుర్తుపెట్టుకోవలసింది ఇదే. ఇదే లీకేజీ కార్బొరేటర్‌తో ఉంటే మేస్త్రీ స్క్రూ అర చుట్టు తిప్పి సర్దేసేవాడు. బండి నడిచేది, తప్పు లోపలే ఉండేది. ఇంజెక్షన్ తప్పును దాచదు. లెక్కకు రాని గాలి ఎక్కడినుంచి వచ్చినా బయటపెడుతుంది. ఆ తప్పును తెరలో వెతికితే దొరకదు. దాన్ని పట్టింది ముప్పై ఏళ్ళు కార్బొరేటర్ విన్న చెవి. కంప్యూటర్ వచ్చింది కదా, ఇక మేస్త్రీతో పనేముంది అనేవాళ్ళు ఈ షెడ్డుకు వచ్చి చూడాలి.

ఇక రోడ్డు మీదికి. వెనక మిర్చి బస్తాలు వేశారు, లోడు లేకుండా లోడు లెక్కలు రావు కదా. పిల్లాడి ఒళ్ళో ల్యాప్‌టాప్, బయ్యారం వైపు ప్రయాణం. తెర మీద పదహారు అడ్డం, పదహారు నిలువు గళ్ళు, మొత్తం 256. ఇంజన్ ఎంత వేగంగా తిరుగుతోంది, ఎంత గాలి పీలుస్తోంది, ఆ రెండూ కలిసే చోట ఎంత ఇంధనం పోయాలో ప్రతి గడిలోనూ రాసి ఉంటుంది. గాలి, ఇంధనం పాళ్ళు సరిగ్గా సరిపోతే లాంబ్డా 1 అంటారు, మెల్లగా వెళ్తుంటే అక్కడ నిలపాలి. బరువు లాగేటప్పుడు 0.85, 0.9 మధ్యకు తేవాలి, కొంచెం చిక్కగా. "ఇక్కడ మూడో గేరులోనే లాగించన్నా," అని మేస్త్రీ అన్నప్పుడల్లా రైతు లాగిస్తున్నాడు, ఒక గడి రంగు మారుతోంది. కాకతీయ మైలాంబ తవ్వించిన బయ్యారం చెరువు దగ్గర ఆపి, బానెట్ కాదు, మళ్ళీ సీటు లేపి, పైపుల జాయింట్లన్నీ పొడి గుడ్డతో తుడిచారు.

చట్టం సంగతీ తెలుసుకుని దిగాలి. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్, ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ మొదట ఇచ్చినవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ మాటనే గట్టిగా చెప్పింది. ఇక్కడ ఇంజన్ అదే, నెంబరు అదే, ఇంధనం అదే. అయినా మేస్త్రీ పని మొదలుపెట్టకముందే రైతును మానుకోట రవాణా కార్యాలయంలో అడిగి రమ్మన్నాడు. ఏ బండికైనా అదే వరస మంచిది.

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 వచ్చింది. అప్పటినుంచి కొత్త మోటారు సైకిళ్ళు చాలావరకు, చివరికి పొలాలకు తిరిగే టీవీఎస్ ఎక్స్‌ఎల్ కూడా ఇంజెక్షన్‌తోనే వస్తున్నాయి. కార్బొరేటర్ ఒక్కటే తెలిసిన షెడ్డుకు వచ్చే బండ్లు ఏటేటా తగ్గక తప్పదు. అందుకే ఈ విద్య గార్లలాంటి ఊళ్ళలో ఉండాలి. పాత బండి మీద, సొంత చేతులతో, ప్రతి సెన్సార్ ఏం చెబుతోందో చూస్తూ నేర్చుకున్నవాడికి రేపు ఏ కొత్త బండి వచ్చినా భయం ఉండదు.

షెడ్డుకు తిరిగొచ్చేసరికి ఇంకో ఆయన కాచుకుని ఉన్నాడు, కార్బొరేటర్ 800తో. "నాకూ ఇట్లనే చెయ్యి మేస్త్రీ. ట్యాంకు, పైపులు బాగనే ఉన్నయ్, అవి ముట్టకుండ చేస్తే ఎంతైతది?"

"అవి ముట్టకుండ చెయ్య," అన్నాడు మేస్త్రీ. "ముందు ఆఫీసుల అడిగి రా. తర్వాత ట్యాంకు దించుదాం, పైపులు మారుద్దాం, ఎర్త్‌లు గీకుదాం. కంప్యూటర్ ఆఖరున. ఆ వరసకు ఒప్పుకుంటేనే తాళం ఇయ్యి."