కాలేజీల్లో ఈ.యు.: విద్యార్థులే నడిపే సువార్త సేవ

కాలేజీ విద్యార్థుల మధ్య పనిచేసే యు.ఇ.ఎస్.ఐ. (యూనియన్ ఆఫ్ ఇవాంజెలికల్ స్టూడెంట్స్ ఆఫ్ ఇండియా) 1954లో ఏర్పడింది. తొలి దశలో పి.టి. చాండపిళ్ళ ప్రధాన కార్యదర్శిగా ఉన్నారు. ఇది ఏ ఒక్క సంఘానికీ చెందదు. కాలేజీలో కూడుకునే గుంపు ఈ.యు.; చదువు ముగించినవారిది ఇ.జి.ఎఫ్. హాస్టల్ గదిలో బైబిలు పఠనం, గిటారుతో పాటలు, చిన్న నాటికలు, సెలవుల్లో క్యాంపులు. ప్రసంగం కన్నా పాటకే స్నేహితులు ముందు వస్తారు.

మన పిల్లల చిక్కు వేరు. చెన్నైలో, బెంగళూరులో పెరిగినవారికి అమ్మమ్మ పాడిన కీర్తన నోటికి వచ్చు, పుస్తకంలో అక్షరాలు రావు. ఇంగ్లీషు లిపిలో రాసుకుని పాడుతున్నారు. మేము తప్పుపట్టం. కానీ ఇంట్లోని తెలుగు బైబిలు వాళ్లకు మూసిన పుస్తకమే. కూడికలో వారానికొక పాటైనా తెలుగు లిపిలో పంచితే, చదవడం వచ్చినవారు పక్కవారికి వేలుపెట్టి చూపించవచ్చు.