రెండు కిలోమీటర్లు

2020 మే 7, గురువారం. వైశాఖ పౌర్ణమి. రాత్రి పదకొండు దాటినా విశాఖ కంచరపాలెంలో ఒక అద్దె ఇంట్లో దీపాలు ఆర్పలేదు. తల్లి టీవీ ముందే కూర్చుని ఉంది. ఆ తెల్లవారుజామున మూడు గంటల వేళ ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి విషవాయువు లీకవడంతో ఆర్.ఆర్. వెంకటాపురం వీధుల్లో పరుగెత్తుతూ పరుగెత్తుతూనే కుప్పకూలిన మనుషులను పొద్దుటి నుంచీ చూస్తూనే ఉంది. రోడ్డు పక్కన పడి ఉన్న పశువులను కూడా. కన్ను మూస్తే అవే కనిపిస్తున్నాయని పడుకోలేదు.

కొడుకు ఫోన్ పట్టుకుని గదిలోంచి వచ్చాడు.

"అమ్మా, లెగు. బేగి లెగు. మళ్లీ లీకయ్యిందట."

"ఎవరు చెప్పేర్రా?"

"గ్రూపులో వచ్చింది. ట్యాంకు పేలిపోతాదట. ఊరంతా ఖాళీ చేసేమంటన్నారు."

ఈ తల్లీకొడుకులకు పేర్లు పెట్టడం లేదు. ఆ రాత్రి విశాఖలో తాళాలు పడిన అనేక ఇళ్లలోంచి కూర్చిన ఇల్లు ఇది. వీళ్ల చుట్టూ జరిగినవి మాత్రం జరిగినట్టే రాస్తున్నాను.

ఆ గంటలో ఎల్జీ పాలిమర్స్ ప్రాంగణంలో ఏం జరుగుతోందో చెప్పుకోవాలి. అక్కడ నిల్వ ఉన్న స్టైరీన్ అనే రసాయన ద్రవాన్ని చల్లగా ఉంచాలి, అందులో గడ్డకట్టనివ్వని నిరోధక రసాయనం తగినంత ఉండాలి. ఆ రెండూ తప్పితే ద్రవం తనలో తానే చర్య మొదలుపెడుతుంది. చర్య వేడిని పుట్టిస్తుంది, వేడి చర్యను ఇంకా ఎగదోస్తుంది. లాక్‌డౌన్‌లో నిల్వ ఉండిపోయిన ట్యాంకులో జరిగింది అదే. ఆవిరి పైకి తన్నుకొచ్చింది. గాలి కంటే బరువైనది కాబట్టి ఆకాశంలోకి పోలేదు, నేల మీద పాకుతూ ఇళ్లలోకి వెళ్లింది. పన్నెండు మంది ప్రాణాలు పోయాయి.

రాత్రి అయినా ట్యాంకు పూర్తిగా చల్లబడలేదు. మళ్లీ ఆవిర్లు వస్తున్నాయని అగ్నిమాపక అధికారి ఒకరు వార్తా సంస్థకు చెప్పారు. ముందుజాగ్రత్తగా రెండు మూడు కిలోమీటర్ల లోపలి గ్రామాలను ఖాళీ చేయిస్తున్నామన్నారు. రెండోసారి లీకేజీ జరగలేదని, వేడి పెరిగితే ప్రమాదమని ముందుజాగ్రత్తగా ఖాళీ చేయించమన్నామని కంపెనీ చెప్పింది. చర్యను ఆపే పీటీబీసీ అనే రసాయనం 500 కిలోలు గుజరాత్ నుంచి విమానంలో బయల్దేరింది. పుణె నుంచి ఎన్‌డీఆర్‌ఎఫ్ రసాయన నిపుణులు వస్తున్నారు. రెండు కిలోమీటర్లు దాటినవాళ్లు ఇళ్లు వదలక్కర్లేదు, రోడ్ల మీదికి రావద్దు అని పోలీస్ కమిషనర్ ఆర్.కె. మీనా ప్రకటించారు.

ఇందులో ప్రతి మాటకూ ఒక హద్దు ఉంది. ఎంత దూరం, ఎవరికి, ఎందుకు. ఫోన్లలోకి వచ్చేసరికి హద్దులు రాలిపోయాయి. రెండు కిలోమీటర్ల అంకె ముందు పోయింది. ముందుజాగ్రత్త అన్న మాట తర్వాత పోయింది. మళ్లీ లీకు, పేలుతుంది, పారిపోండి, ఈ మూడే మిగిలాయి. ఆ మూడు మాటలే గోపాలపట్నం దాటాయి, ఎన్ఏడీ కూడలి దాటాయి, నగరం నడిమధ్యకు చేరాయి.

కొడుకు ఆ మెసేజ్‌ను హైదరాబాద్‌లోని అక్కకు పంపాడు. "నిజమేనా? ఎవరు చెప్పారు?" అని వెంటనే అడిగింది. స్కూటర్ తాళం వెతుకుతూ, ఆమె నమ్మాలన్న ఆత్రంలో, ఒక్క వాక్యం కలిపాడు. "ఫైరాఫీసులో తెలిసినాయన ఉన్నారు, ఆయనే చెప్పేరు." అలాంటి మనిషెవరూ లేరు. అదే వాక్యం చుట్టాల గ్రూపులోనూ పెట్టాడు.

తల్లి చీర కొంగు తడిపి ముక్కుకు కట్టుకుంది. రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, మందుల సంచి తీసుకుంది. 1997 సెప్టెంబర్ 14న హిందుస్థాన్ పెట్రోలియం రిఫైనరీ పేలినప్పుడు ఆ నల్లటి పొగ చూసిన మనిషి ఆమె. ఆనాడు పదుల సంఖ్యలో మనుషులు చనిపోయారు. వైజాగ్‌లో ఒక తరానికి పేలుడు అన్న మాట వినగానే కాళ్లు కదులుతాయి. వాళ్లను అమాయకులనీ, చదువుకోనివాళ్లనీ అనడం నాకు నచ్చదు.

రోడ్డు మీదికి వచ్చేసరికి వీధంతా కదులుతోంది. లాక్‌డౌన్‌లో నెలన్నరగా రాత్రిపూట పిట్ట పలకని రోడ్డు. మోటారుసైకిల్ మీద నలుగురు. చంకలో పిల్ల, భుజాన దుప్పటి వేసుకుని నడిచేవాళ్లు. ఎటు పోతున్నారని అడిగితే ముందు పోతున్నవాళ్ల వైపు చూపించేవాళ్లు. మాస్కులు కొందరికే ఉన్నాయి. ఇన్నాళ్లూ మనిషికీ మనిషికీ దూరం పాటించిన జనం ఒకరినొకరు ఒరుసుకుంటూ పోతున్నారు. తాటిచెట్లపాలెం దగ్గర ఓ ముసలాయన గట్టు మీద కూలబడి, ఇంక నడవలేను, మీరు పోండి అని కొడుకుతో అంటున్నాడు. వీళ్ల స్కూటర్ ఆగలేదు. ఆపుదామని తల్లి అంది. ఆపలేకపోయాడు.

ఫ్యాక్టరీకి దూరంగా ఉన్నవాళ్లు ఎందుకు నమ్మారు? నాకు జవాబు ఆ తెల్లవారుజామున జరిగినదానిలోనే కనిపిస్తుంది. ఆ ఫ్యాక్టరీలో సైరన్ మోగించడానికి 36 చోట్ల ఏర్పాటు ఉన్నా ఎవరూ మోగించలేదని ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ తర్వాత తేల్చింది. ప్రాణాలు పోతున్న వేళ హెచ్చరిక రాలేదు. అలాంటి ఊళ్లో అదే రాత్రి భయపడొద్దు అన్న మాట వస్తే ఎవరు చెవిన పెడతారు? పొద్దున మోగని సైరన్ రాత్రి వేల ఫోన్లలో మోగింది. నిజం చెప్పాల్సినవాళ్లు మొదటిసారి నోరు మెదపకపోతే రెండోసారి చెప్పిన నిజానికి విలువ ఉండదు. పుకారు పుట్టించినవాడి తప్పు ఉంది. నేను దాన్ని తగ్గించడం లేదు. కానీ ఆ రాత్రి జనాన్ని తరిమింది పుకారు ఒక్కటే కాదు.

తల్లీకొడుకులు తెల్లవారేదాకా బీచ్ రోడ్డులో గోడ మీద కూర్చున్నారు. చంద్రుడు పడమటికి, కొండల వైపు, సరిగ్గా వాళ్లు పారిపోయి వచ్చిన దిక్కుకు దిగుతున్నాడు. చుట్టూ వాళ్లలాంటి కుటుంబాలు. ఏమీ పేలలేదు.

వెలుగొచ్చాక ఒక్కొక్కరే లేచి దుప్పట్లు దులుపుకున్నారు. అప్పుడు శ్రీకాకుళం నుంచి మావయ్య ఫోన్ చేశాడు. గొంతు వణుకుతోంది. "ఒరే, మీరు బతికున్నారా? వైజాగ్ మొత్తం పోతాదని మెసేజొచ్చింది. పెద్ద ఫైరాఫీసరే చెప్పేడట. రాత్రంతా మీ అత్తకి నిద్ర లేదు. చూడు, పంపిస్తన్నాను."

మెసేజ్ వచ్చింది. కొడుకు చదివాడు. కింద తను కలిపిన వాక్యం, కొంచెం పెద్దదై, అక్కడే ఉంది.

"ఏటిరా, ఎవరు పంపేరు?" అంది తల్లి.

"మావయ్య."

"మావయ్యకెవరు పంపేర్రా?"

స్కూటర్ స్టాండు తీసి, "ఎక్కమ్మా" అన్నాడు.