ఎండకు నిలిచిన నాచు

వాన వెలిసిన తరువాత గుంటలలో నీరింకి, బురద ఆరుచున్నప్పుడు దానిపై సన్నని పచ్చపొర యొకటి కనబడును. నాచని పేరుపెట్టి, కాలు జారునేమో యని మనము తప్పుకొని పోవుదుము. మదరాసు వృక్షశాస్త్రజ్ఞులు ఎం. ఓ. పార్థసారథి అయ్యంగారు మాత్రము అట్టి నాచుల పరిశీలనమునకే తమ యాయువును వెచ్చించిరి.

వీరు 1886లో జన్మించిరి. ప్రెసిడెన్సీ కళాశాలలో ఆచార్యులుగను, తరువాత మదరాసు విశ్వవిద్యాలయ వృక్షశాస్త్ర పరిశోధనాలయమునకు అధిపతిగను పనిచేసిరి. లండనులో ఫ్రిచ్ పండితునివద్ద పరిశోధన సాగించి 1930లో డాక్టరు పట్టమును పొందిరి. నలువది దాటిన వయస్సున మరల విద్యార్థి యగుట యెల్లరకును సాధ్యమగు పని కాదు.

నాచు నీటిబిడ్డ. దానికి నిజమైన వేరు లేదు, కాండము లేదు, తేమను కాపాడు చర్మమును లేదు. చుట్టునున్న నీటినుండియే ఒడలంతటితోను లవణములను పీల్చుకొనును. అట్టిదానికి నీరింకుట యనగా మృత్యువే. పెక్కు నాచులు దళసరి గోడలుగల కణములుగా మారి, మరల వాన వచ్చువరకును నిద్రించును. అయ్యంగారు 1932లో లోకమునకు తెలిపిన మొక్క వేరొక మార్గమును పట్టినది. గురువుపేర దానికి ఫ్రిచియెల్లా ట్యూబరోసా యని నామకరణము చేసిరి.

ఈ చిన్నమొక్క తన పనిని మట్టిక్రిందను మట్టిపైనను పంచుకొన్నది. నేలలోపల కణములు గుంపుగట్టి చిన్న దుంపలవలె నుండును; వానినుండి రంగులేని నూలుపోగులవంటివి క్రిందికి దిగును. మరికొన్ని తంతువులు మట్టిపొరను చీల్చుకొని పైకి వచ్చి, వెలుతురులో పచ్చని కుచ్చులై కొమ్మలు వేయును. నేల యెండినప్పుడు పైకుచ్చు నశించినను, లోపలి దుంప మిగిలి, మరల తేమ తగిలినంతనే చిగుర్చును. మన కంద, చేమ చేయు పని యిదియే కదా! అయితే అవి పెద్ద మొక్కలు. ఇది కంటికి సరిగా ఆనని నాచు. కాశీ హిందూ విశ్వవిద్యాలయమునకు చెందిన ఆర్. ఎన్. సింగుగారు దీని జీవితక్రమమును మరింత పరిశీలించి 1941లో ప్రకటించిరి.

ఇక వివాదము. నీటిలో పుట్టిన వృక్షజాతి నేలమీదికి ఎట్లు వచ్చినది? క్రింద ప్రాకు భాగమును, పైకి లేచు భాగమును గల పచ్చనాచులనుండియే భూమిమీది మొక్కలు పుట్టియుండునని ఫ్రిచ్ 1945లో వాదించిరి. ఆ వాదమునకు ఫ్రిచియెల్లా మంచి సాక్ష్యముగ నిలిచినది. పాఠ్యగ్రంథములలో దాని బొమ్మ మూలపురుషుని చిత్రపటమువలె వెలసినది. పిమ్మట ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో కణవిభజనమును, అటుతరువాత జన్యుపదార్థమును పరీక్షించినవారు ఆ గౌరవమును తొలగించిరి. భూమిమీది మొక్కలకు దగ్గరి చుట్టములు కారా, స్పైరోగైరా మొదలగు నాచుల వంశమున నున్నవి. ఫ్రిచియెల్లాది వేరు శాఖ.

దీనివలన అయ్యంగారి కృషికి లోటు వచ్చినదని నేననుకొనను. పూర్వీకుడు కాకపోయినచో, ఆ మొక్క ఎండకు తనంతట తానే జవాబు కనుగొన్నదన్నమాట. వంశములు వేరైనను కష్టమొక్కటే యగుటచే ఉపాయములు కలిసినవి. నాకిది మరింత వింతగా తోచును.

అయ్యంగారు 1963 డిసెంబరు 10న కన్నుమూసిరి. వాల్వొకేలీజ్ అను ఈదులాడు నాచులనుగూర్చిన వారి గ్రంథము, శిష్యులు టి. వి. దేశికాచారిగారి సహరచనతో 1981లోగాని వెలువడలేదు.