చట్రము నిలిచిన బండి

గడచిన వేసవిలో టెక్సాసునందున్న మా మేనల్లుడు ఫోనుచేసి, తానొక పాత పికప్ బండిని కొనినట్లు చెప్పెను. అది ముందువైపు ఎడమమూల గట్టి దెబ్బతిన్న బండి. బంపరు లోనికి పోయినది, మడ్‌గార్డు నలిగినది, రేడియేటరు పగిలినది, ఒక తలుపు సరిగా మూతపడుట లేదు. దానిని ఇంటి షెడ్డులో సెలవుదినములలో తానే బాగుచేసికొని, కొండదారులలోను ఇసుకబాటలలోను మెల్లగా త్రిప్పవలెనని అతని కోరిక. “మామయ్యా! ఇది పాత ఇనుపసామాను, తూకానికి అమ్మెయ్యమని నాన్న అంటున్నారు. మీరేమంటారు?” అని అడిగెను.

మా బావగారి భయము అకారణమైనది కాదు. దెబ్బతిన్న బండి పైకి నిగనిగలాడుచు లోపల వంకరగా ఉన్నచో, ఒకనాడు ప్రాణముమీదికి తెచ్చును. అయినను మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి. విరిగిన మోటారుబండిని ఇంటివద్ద నిలబెట్టుట అసలెట్లు సాధ్యమయ్యెను? ఎంతవరకు సాధ్యము? ఈ ప్రశ్నలకు సమాధానము మోటారుబండి చరిత్రలోనే కలదు. దానినే ఇచట చెప్పుకొందము.

మన పల్లెలలో ఎడ్లబండి విరిగినదని ఎవరును దానిని పారవేయలేదు. నొగ విరిగినచో వడ్రంగి క్రొత్త నొగ చెక్కెడివాడు. చక్రముపై ఇనుపపట్టా వదులైనచో కమ్మరి దానిని కాల్చి బిగించెడివాడు. బండి యనగా పెక్కు వస్తువుల కూర్పు. ఐతే ప్రతిభాగమును ఆ బండికే కొలిచి చేయవలెను. ఒకదాని చక్రము మరొకదానికి అమరుట అరుదు. తొలినాటి మోటారుకార్లును ఇట్టివే. పనివాడు ఒక్కొక్క భాగమును ఆకురాయితో అరగదీసి, ప్రక్కభాగమునకు సరిపుచ్చెడివాడు. కావున ఒకే కంపెనీ చేసిన రెండు కార్ల భాగములు కూడ ఒకదానికొకటి పట్టెడివి కావు. ప్రమాదములో ఒక భాగము పోయినచో చేతినేర్పుగల యంత్రకారుని వెదకికొనవలసినదే. ఇంటివద్ద చేయదగినది స్వల్పము.

ఈ స్థితి మారుచున్నదని లోకమునకు తెలిపిన సంఘటన 1908లో ఇంగ్లండునందు జరిగెను. హెన్రీ లీలండ్ నాయకత్వమున నడచుచుండిన అమెరికా కంపెనీ కాడిలాక్. దాని కార్లు మూడింటిని రాయల్ ఆటోమొబైల్ క్లబ్బువారి పర్యవేక్షణలో బ్రూక్‌లాండ్సు పందెపుబాటవద్ద పూర్తిగా విడదీసి, భాగములన్నిటిని ఒకే రాశిగా కలిపివేసిరి. వానిలో 89 భాగములను తొలగించి, వాని బదులు వ్యాపారి గిడ్డంగినుండి తెచ్చిన భాగములను ఉంచిరి. పిమ్మట మెకానిక్కులు పానాలు, స్క్రూడ్రైవర్లు మాత్రమే చేతబట్టి ఆ రాశినుండి మరల మూడు కార్లను కూర్చిరి. ఆ మూడును 500 మైళ్లు పరుగెత్తెను. ఇందుకుగాను కాడిలాక్ కంపెనీకి డ్యూవర్ ట్రోఫీ లభించెను. విరిగిన భాగమును తీసి క్రొత్తదానిని వేసికొనవచ్చునను నమ్మకమునకు ఈ పరీక్ష బలమైన సాక్ష్యము.

అదే సంవత్సరము అక్టోబరులో డెట్రాయిటునందు హెన్రీ ఫోర్డు మోడల్ టి కారును విడుదలచేసెను. దాని నిర్మాణము సులభము. రెండు పొడవైన ఉక్కుదూలములు, వానిని కలుపు అడ్డుదూలములు: ఇదియే చట్రము. ఇంజను, ఇరుసులు దానికి తగిలింపబడెను. మనుష్యులు కూర్చుండు భాగము పైన బోల్టులతో బిగింపబడెను. ముందొకటి, వెనుకనొకటి అడ్డముగా అమర్చిన కమానుపట్టీలుండుటచేత, ఒక చక్రము గోతిలో దిగి మరొకటి పైకెగసినను బండి తట్టుకొనెడిది. నేలకు ఎత్తుగా నిలుచుటచేత గాళ్లుపడిన దారిలో అడుగుభాగము తగిలెడిది కాదు. నాడు అమెరికా పల్లెదారులలో అధికభాగము మట్టిదారులే. నేడు విహారముగా ఎంచబడుచున్న మట్టిబాట ప్రయాణము ఆనాటి రైతునకు నిత్యకృత్యము.

1927లో మోడల్ టి తయారీ ఆగునప్పటికి కోటి యేబదిలక్షలకు పైగా కార్లు వెలువడెను. ఇన్ని కార్లు ఒకే అచ్చున ఉండుటచేత, కావలసిన భాగము ప్రక్కయూరి దుకాణములోనో, పొలముగట్టున మూలబడిన పాతకారులోనో దొరకెడిది. రైతులు మరమ్మతుతో ఆగలేదు. కొందరు వెనుకచక్రమును జాకీపై లేపి, బెల్టు తగిలించి, రంపమును నడిపిరి. మరికొందరు కారు వెనుకభాగమును కోసివేసి, చట్రముపై కొయ్యపెట్టెను బిగించి, పాలక్యానులను, కూరగాయలను సంతకు తోలుకొనిపోయిరి. 1917లో ఫోర్డు కంపెనీ ఒక టన్ను బరువునకు తగిన మోడల్ టిటి చట్రమును అమ్మసాగెను. దానిపై క్యాబినును, తొట్టిని కొనినవారే కట్టించుకొనెడివారు. తుదకు 1925 ఏప్రిలులో ఉక్కుతొట్టితో కూడిన మోడల్ టి పికప్‌ను కంపెనీయే 281 డాలర్లకు అమ్మకమునకు పెట్టెను. రైతు తన షెడ్డులో చేసికొనుచుండిన పనిని కర్మాగారము తరువాత చేపట్టినది. మా మేనల్లుడు షెడ్డులో పికప్‌ను నిలబెట్టబూనుట క్రొత్త వెర్రి కాదనియు, ఆ బండి పుట్టినచోటే షెడ్డనియు మాకు దీనివలన తోచినది.

రెండవ ప్రపంచయుద్ధము ఈ అలవాటును అవసరముగా మార్చెను. 1942 ఫిబ్రవరిలో అమెరికాలో ప్రజలకొరకు కార్ల తయారీ నిలిచిపోయెను. టైర్లకును, పెట్రోలునకును రేషను వచ్చెను. టైర్లు అరుగకుండుటకై గంటకు 35 మైళ్ల వేగమును మించరాదని ఆంక్ష విధింపబడెను. క్రొత్తబండి కొనుటకు వీలులేని ఆ దినములలో ఉన్నబండిని నిలుపుకొనుటయే గృహస్థులకు మిగిలిన మార్గము.

ఆ యుద్ధమే జీపును కూడ సృష్టించెను. అమెరికా సైన్యము కోరిన తేలికబండి నమూనాను బాంటం అను చిన్న కంపెనీ 1940 సెప్టెంబరు 23న అప్పగించెను. ఆ కంపెనీకి ఇచ్చిన గడువు 49 దినములే! తరువాత విల్లీస్, ఫోర్డు కంపెనీలు యుద్ధకాలమున ఆరులక్షలకు పైగా జీపులను నిర్మించెను. నాలుగు చక్రములకును ఇంజను బలము అందుటచేత బురదలోను, ఇసుకలోను అవి నడచెడివి. యుద్ధము ముగిసిన పిమ్మట ఫిలిప్పీనులలో మిగిలిపోయిన జీపులను అచటి ప్రజలు పొడిగించి, పైకప్పు వేసి, రంగులుదిద్ది, జీప్‌నీలను పేర ప్రయాణపు బండ్లుగా మార్చుకొనిరి. 1946లో డాడ్జి కంపెనీ సైనికట్రక్కును సంస్కరించి పవర్ వాగన్ పేర ప్రజలకు అమ్మెను. 1953లో కాలిఫోర్నియాలోని జార్జిటౌనునుండి జీపుల యజమానులు బారులుతీరి, రూబికాన్ రాతిబాటమీదుగా టాహో సరస్సువైపు విహారయాత్ర సాగించిరి. రాళ్లబాటను వినోదమునకై ఎన్నుకొనుట ఇట్లు వేడుకగా స్థిరపడినది.

ఇంగ్లండులో రోవరు కంపెనీ ముఖ్య ఇంజనీరు మారిస్ విల్క్స్, వేల్సు ప్రాంతమున ఆంగ్లెసీ దీవియందలి తన పొలములో ఒక పాత సైనికజీపును వాడుచుండెను. దానివంటి బండిని తామే చేయుదమను ఆలోచన అచట పుట్టి, 1948లో లాండ్ రోవరుగా వెలువడెను. యుద్ధానంతరము ఉక్కుకరవు ఉండుటచేత దాని పైభాగమునకు అల్యూమినియపు మిశ్రలోహమును వాడిరి. రేకులు సాదాగా, చదునుగా ఉండుటచేత పల్లెకమ్మరి కూడ సుత్తితో సరిచేయగలిగెడివాడు. బరువునంతటిని మోయునది మాత్రము క్రిందనున్న ఉక్కుచట్రమే.

ఈ చట్రపు విలువను మరచినచో ఏమగునో 1961లో తెలియవచ్చెను. ఆ సంవత్సరము ఫోర్డు కంపెనీ తన పికప్‌లో క్యాబినును, తొట్టిని కలిపి ఒకే దేహముగా నిర్మించెను. నడుమ సందులేదు, చూచుటకు సొగసు. కాని బండి అనగా కదలునది. బరువు వేసినప్పుడు, ఎగుడుదిగుడు నేలపై నడచినప్పుడు చట్రము కొంత మెలిదిరుగును. విడిగా ఉన్నప్పుడు తొట్టియు, క్యాబినును ఎవరిదారిన అవి కదలును. కలిపి కట్టినప్పుడు ఆ ఒత్తిడి తలుపులదాక ప్రాకును. నిండుబరువుతో తలుపులు బిగిసిపోవుచున్నవని కొనినవారు ఫిర్యాదు చేసిరని చెప్పుదురు. 1963 తరువాత ఆ పద్ధతిని కంపెనీ విడిచెను. పికప్‌లో క్యాబినునకును, తొట్టికిని నడుమ కనబడు సందు నిర్లక్ష్యముచేత ఏర్పడినది కాదు.

చిన్నకార్లు మాత్రము వేరుదారి పట్టినవి. 1934లో ఫ్రాన్సులో సిత్రోయెన్ కంపెనీ విడిచట్రము లేకుండ, రేకుల దేహమే బరువుమోయునట్లు కార్లను విరివిగా నిర్మించెను. తేలిక, నిలకడ, చవుక: ఈ మూడు గుణములచేత ఆ పద్ధతి లోకమంతట వ్యాపించెను. దానితోపాటు ప్రమాదమును గురించిన ఆలోచనయు మారెను. ప్రమాదములో బండి గట్టిగా నిలుచుట మేలని అందరును తలచుచుండగా, బేలా బారెన్యీ అను ఇంజనీరు, ముందువెనుకల భాగములు నలిగి దెబ్బను మ్రింగవలెననియు, మనుష్యులుండు నడిమిగది మాత్రమే గట్టిగా నిలువవలెననియు భావించి, 1952లో పేటెంటు పొందెను. 1959లో వచ్చిన మెర్సిడెస్ కార్లలో ఆ పద్ధతి అమలయ్యెను. నేటి పికప్‌లలో చట్రపు ముందుకొనలు కూడ నలుగుటకే చేయబడుచున్నవి. ఒకసారి నలిగి తనపని చేసిన భాగమును సుత్తితో సాగదీసి మరల నిలబెట్టుట తగదు, దానిని మార్చవలెను. గట్టిజాతి ఉక్కును కొలిమిలోవలె కాల్చి వంచినచో దాని బలము నశించును. ఎడ్లబండి పట్టాకు పనికివచ్చిన విద్య దీనికి పనికిరాదు.

మనదేశమున ఈ చరిత్ర జాడలు లేకపోలేదు. స్వాతంత్ర్యము వచ్చిన దినములలో బొంబాయిలో మహీంద్రావారు విడిభాగములుగా వచ్చిన విల్లీస్ జీపులను కూర్చసాగిరి. విజయవాడ ఆటోనగరులో లారీ చట్రములపై క్యాబినులను, తొట్టులను కట్టుపని దశాబ్దములుగా సాగినది. రేకుపని చేయువారిని అచట టింకరింగు మేస్త్రీలందురు. ఆ మాట ఇంగ్లీషుదేశమున ఊరూర తిరిగి గిన్నెలకు మాట్లువేయువారి పేరునుండి వచ్చినది. మన వీధులలో కళాయివేయువానికి వారు సోదరులు. గిన్నె మాటునకును, చట్రపు మాటునకును భేదము కలదు. గిన్నె కారినచో పులుసు పోవును. చట్రము లొంగినచో మనిషి పోవును.

ఇదంతయు ఆలోచించి మేము మేనల్లునకు ఇట్లు చెప్పితిమి: “రేకులను చూడవద్దు, ముందు చట్రమును కొలువుము. బండిని చదునైన నేలపై గట్టి స్టాండులమీద నిలుపుము. జాకీని నమ్మి క్రిందికి దూరకుము. చట్రమునకు కుడియెడమల సరిజోడుగానున్న రంధ్రములనుండి, తాపీమేస్త్రీ గోడనిలువు చూచు గుండుదారమును వ్రేలాడదీసి, నేలపై సుద్దతో గుర్తులు పెట్టుము. పిమ్మట ఇంటి పునాదికి కొలిచినట్లు ఐమూల కొలతలు చూడుము. రెండును సరిపోయినచో ఆ భాగము మూలమట్టముగా ఉన్నట్లు. ఎత్తుపల్లములను వేరుగా చూచి, అన్నిటిని తయారీదారుల పుస్తకములోని కొలతలతో పోల్చుము. అటుపిమ్మట మీ నాన్నగారితో మాటాడుము.”

పదిదినముల తరువాత అతడు మరల ఫోనుచేసెను. వెనుకభాగపు కొలతలు సరిపోయినవి. ముందుభాగమున ఐమూలకు అర అంగుళము తేడా వచ్చినది. అతడు సుత్తి పట్టలేదు. బండిని చట్రములు సరిచేయు కార్ఖానాకు పంపెను. అచట దానిని ఇనుపబల్లకు బిగించి, గొలుసులతో లాగి, కొలతకు తెచ్చిరి. నలిగిన ముందుకొనను కోసి క్రొత్తది అతికిరి. చట్రము చక్కబడి, క్యాబిను తన రబ్బరుదిమ్మలపై తిరిగి కుదురుకొనగానే మూతపడని తలుపు దానంతట అది మూతపడినదట! తక్కినదంతయు అతడు ఇంటివద్దనే చేసెను. అదే అచ్చు బండ్లు పడియున్న పాతసామానుల దొడ్డినుండి మడ్‌గార్డును, రేడియేటరును, బంపరును తెచ్చి పానాతో బిగించెను. విచ్చుకొనిపోయిన గాలిసంచులను, బిగిసిన సీటుబెల్టులను మాత్రము క్రొత్తవి వేయించెను. దెబ్బతిన్న బండిగా నమోదైన దానిని మరల రోడ్డెక్కించుటకు కావలసిన ప్రభుత్వపు కాగితములు పూర్తిచేసికొనెను.

ఆ బండిని అతడు మరీ ఎత్తుచేయలేదు. సాదా మట్టిబాటకు మంచి టైర్లు, అడుగున రక్షణపలక చాలుననుకొనెను. ఇసుకలో దిగినప్పుడు టైర్ల గాలి కొంత తగ్గించి, రోడ్డెక్కునప్పుడు మరల నింపుకొనుచున్నాడు. మొదటి ప్రయాణమున ప్రక్కసీటులో కూర్చుండినది మా బావగారే. ఎక్కుటకు ముందు ఆయన నేలపై వంగి, సుద్దగుర్తులు వేసిన చోట్లను ఒక్కొక్కటిగా చూపించుకొని, కొలతలు వ్రాసిన కాగితమును అడిగి తీసికొని జేబులో పెట్టుకొనెనట.