చిల్లా దొరకని తల్లి

2020 రంజాన్‌లో మా చెల్లికి తొలి కాన్పు అయింది. తొలిచూలు పుట్టింట్లో, ఆపైన నలభై రోజుల చిల్లా అమ్మీ దగ్గర, ఇది మా ఇళ్ల దస్తూర్. లాక్‌డౌన్‌లో జిల్లా దాటి రాలేకపోయింది. అమ్మీ ఫోన్‌లోనే లోరీ పాడేది. బిడ్డ రాత్రంతా ఏడ్చేది. "నజర్ తగిలింది" అన్నారు కొందరు. "తల్లి ఊరికే ఫికర్ పెట్టుకుంటే బిడ్డ ఏడవక ఏం చేస్తుంది" అని ససురాల్లో ఒక ఖాలా అన్న మాట చెల్లి ఇంకా మరచిపోలేదు.

ఆ ఇల్జామ్‌లో నిజమెంతో చూద్దామని కాస్త తారీఖ్ తిరగేశాను.

1970ల్లో అమెరికాలో ఎడ్వర్డ్ ట్రానిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, బిడ్డతో ఆడుతున్న తల్లిని కాసేపు ఏ భావమూ లేకుండా ఊరకే చూడమన్నాడు. బిడ్డ నవ్వి పిలిచి చూసింది, అలజడి పడింది, చివరికి ముఖం తిప్పేసుకుంది. నెలల పసికందు కూడా తల్లి ముఖాన్ని చదువుతుందని తేలింది.

1998 జనవరిలో కెనడాలోని క్విబెక్‌లో మంచువాన పడింది. లక్షల ఇళ్లకు కరెంటు పోయింది, కొందరికి నెల దాటినా రాలేదు. అప్పటి గర్భవతులను, వాళ్ల పిల్లలను సుజాన్ కింగ్ బృందం ఏళ్లపాటు గమనించింది. తల్లి పడిన పరేషానీకీ, ఆరు నెలల బిడ్డ మిజాజ్‌లోని చిరాకుకూ సంబంధం కనిపించింది. ఆ తల్లులు తుఫానును పిలిచి తెచ్చుకోలేదు కదా!

ఇక కరోనా వబా. 2020 మార్చి, డిసెంబరు మధ్య న్యూయార్క్‌లో పుట్టిన 255 మంది పిల్లల ఎదుగుదలను కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆరో నెలలో పరిశీలించారు. తల్లికి కోవిడ్ సోకినా సోకకపోయినా పిల్లల్లో తేడా లేదు. కానీ వబాకు ముందు పుట్టిన పిల్లలకంటే ఒళ్లు కదిలించడంలో, వేళ్లతో పట్టుకోవడంలో, మనుషులతో కలవడంలో వీళ్ల స్కోరు కొంచెం తక్కువ వచ్చింది. తల్లుల ఒత్తిడి కారణం కావచ్చన్నది వాళ్ల అందాజా మాత్రమే, కొలిచి తేల్చింది కాదు. ఆ తేడా కూడా చిన్నది, జబ్బు కాదు.

అంటే ఖాలా మాటలో సగం నిజముంది. తల్లి ఫికర్ బిడ్డదాకా చేరవచ్చు. కానీ "ఊరికే" అన్నదే గలత్. చెల్లి ఫికర్ ఊరికే రాలేదు. చిల్లా అంటే తల్లి నిద్రపోతుంటే బిడ్డను ఎత్తుకునే ఇంకో రెండు చేతులు. వబా ఆ చేతుల్నే దూరం చేసింది. కసూర్ వెతకాలంటే అక్కడ వెతకాలి, బాలింత దగ్గర కాదు.

ఆ పాప ఇప్పుడు బడికి వెళ్తోంది, నోరు మూయదు. చెల్లికి మళ్లీ నెలలు నిండుతున్నాయి. అమ్మీ ఈసారి నెల ముందే గది సర్ది పెట్టింది. మీ ఇంట్లోనూ బాలింత ఉంటే, బిడ్డ ఎందుకు ఏడుస్తోందని అడిగే ముందు, తల్లి రాత్రి ఎంతసేపు పడుకుందో అడగండి.